బడ్జెట్ టర్బో బిల్డ్‌కి ఇంటర్నల్ వేస్ట్‌గేటా, ఎక్స్‌టర్నలా: ఎలా తేల్చుకోవాలి

టర్బో (ఎగ్జాస్ట్ గ్యాస్‌తో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) లేని పెట్రోల్ ఇంజన్‌కి అది పెట్టించాలనుకునేవాళ్లు షెడ్డుకి రాగానే అడిగే ప్రశ్నల్లో ముందుండేది ఇదే: టర్బో లోపలే ఉండే ఇంటర్నల్ వేస్ట్‌గేట్ (మిగులు ఎగ్జాస్ట్‌ని పక్కకి పంపే తలుపు) సరిపోతుందా, విడిగా బిగించే ఎక్స్‌టర్నల్ పెట్టించాలా? నా జవాబు ముందే చెప్పేస్తాను. 1.3 నుంచి 1.6 లీటర్ల స్టాక్ (కంపెనీ ఇచ్చినట్టే ఉన్న) ఇంజన్, అర బార్ లోపు బూస్ట్ (టర్బో మామూలు గాలి పీడనానికి పైన ఇచ్చే ఒత్తిడి), లెక్క పెట్టుకుని ఖర్చు చేయాల్సిన డబ్బు, ఈ మూడూ మీవైతే ఇంటర్నల్ గేటున్న టర్బోనే తీసుకోండి. మిగిలిన డబ్బు ట్యూనింగ్‌కి, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి, మంచి గేజీలకి పెట్టండి. ఎక్స్‌టర్నల్ లేకపోతే కుదరని బండ్లు ఉన్నాయి, కానీ తక్కువే. మీ బండి అందులో ఉందో లేదో డబ్బు చేతిలోంచి పోకముందే తేల్చుకోవచ్చు. కింద చెప్పిన వరసలోనే వెళ్లండి. చాలామంది గేటు కొని తర్వాత బూస్ట్ ఎంతో ఆలోచిస్తారు, అక్కడే డబ్బు వృథా అవుతుంది.

ముందుగా ఒక విషయం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా చిక్కే. అందుకే ఈ పని ట్రాక్‌కి మాత్రమే వాడే బండి మీద చేయండి, ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లండి. హైదరాబాద్ నుంచి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి గానీ, కోయంబత్తూరు కరి ట్రాక్‌కి గానీ వెళ్లేవాళ్లు అలాగే చేస్తారు.

గేటు చేసే పని ఏంటి

టర్బోని తిప్పేది ఎగ్జాస్ట్ గ్యాసే. ఆర్పీఎం పెరిగేకొద్దీ గ్యాస్ పెరుగుతుంది, గ్యాస్ పెరిగితే టర్బో ఇంకా జోరుగా తిరుగుతుంది, బూస్ట్ ఇంకా పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఆపకపోతే పిస్టన్లు పోతాయి. మన చెరువులకి అలుగు ఎందుకుంటుందో టర్బోకి వేస్ట్‌గేట్ అందుకే. కావాల్సిన మట్టం వచ్చాక మిగతా నీరు అలుగు మీంచి దుంకి పోవాలి. నీటిమట్టం తక్కువ దగ్గరే ఆపాలంటే ఎక్కువ నీరు బయటికి పంపాలి, అంటే అలుగు వెడల్పుగా ఉండాలి. ఇది మనసులో పెట్టుకోండి: తక్కువ బూస్ట్ నడపాలనుకున్నవాళ్లకే పెద్ద దారి కావాలి. ఎక్కువ బూస్ట్ నడిపేవాడు గ్యాస్‌లో ఎక్కువ భాగాన్ని టర్బైన్ (టర్బోలో ఎగ్జాస్ట్ తిప్పే చక్రం) మీదకే పంపిస్తాడు, పక్కకి పోవాల్సింది తక్కువే. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

ఇంటర్నల్ అంటే టర్బైన్ హౌసింగ్‌లోనే ఒక రంధ్రం, దాన్ని మూసే ఫ్లాపర్, దాన్ని బయట నుంచి కడ్డీతో కదిపే యాక్చుయేటర్ (బూస్ట్ పీడనంతో పనిచేసే డబ్బా). ఎక్స్‌టర్నల్ అంటే మేనిఫోల్డ్ (సిలిండర్ల ఎగ్జాస్ట్‌ని టర్బోకి చేర్చే పైపుల గుత్తి) మీద విడిగా బిగించే వాల్వ్. ఇంజన్ వాల్వ్‌లాగే దానికీ సీటు, గైడు ఉంటాయి, పైన స్ప్రింగు, డయాఫ్రం (పీడనానికి సాగే పలుచని పొర). పక్కకి పంపిన గ్యాస్‌కి దానిదే వేరే పైపు. రెండూ చేసే పని ఒక్కటే.

మొదట బూస్ట్ ఎంతో రాసిపెట్టుకోండి

పాత స్టాక్ ఇంజన్ల కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎన్ని రెట్లు నొక్కుకుంటుందన్న నిష్పత్తి) సాధారణంగా 9కి 10కి మధ్య ఉంటుంది, కొత్తవాటిలో ఇంకా ఎక్కువే. లోపల ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రాడ్లు మార్చకపోతే 0.3 నుంచి 0.5 బార్ మధ్యలో ఆగండి. 0.5 బార్ అంటే సుమారు 7 పీఎస్ఐ.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇక్కడ ఇంకో లెక్క వేసుకోవాలి. మనం సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉన్నాం. ఇక్కడి గాలి పీడనం సుమారు 95 కిలోపాస్కల్స్, చెన్నైలో 101. వేస్ట్‌గేట్ స్ప్రింగు కొలిచేది చుట్టూ ఉన్న గాలికి పైన ఎంత అన్నదే. కాబట్టి 0.5 బార్ స్ప్రింగు చెన్నైలో 1.51 బార్ మొత్తం పీడనం ఇస్తే ఇక్కడ 1.45 దగ్గరే ఆగుతుంది. ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్) లెక్క అందించే మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలి పీడనం కొలిచేది) చూసేది మొత్తం పీడనాన్ని. ఇంజన్ ఆపేసి కీ మాత్రం ఆన్ చేసి చూడండి, సెన్సర్ 95కి అటూఇటూగా చూపిస్తే అది సరిగ్గా ఉన్నట్టు. వేరే ఊరి ట్యూనర్ ఇచ్చిన ఫైలు, వేరే ఊరి స్ప్రింగు లెక్క తెచ్చి ఇక్కడ పెట్టేస్తే రెండూ కలవవు.

ఎండ సంగతి కూడా చూడాలి. మేలో బయట 40 డిగ్రీలుంటే, 0.5 బార్ బూస్ట్‌కి, 65 శాతం సామర్థ్యంతో పనిచేసే కంప్రెసర్‌ (టర్బోలో గాలిని నొక్కే భాగం) లోంచి గాలి సుమారు 100 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. ఇంటర్‌కూలర్ లేకుండా ఆ గాలి ఇంజన్‌లోకి పోతే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) తప్పదు. గేటు మీద పెట్టే అదనపు పైసా ముందు ఇంటర్‌కూలర్‌కి పోవాలని నేననేది ఇందుకే.

దొరికిన టర్బోని చేతిలోకి తీసుకుని చూడండి

బడ్జెట్ బిల్డ్‌లో కొత్త టర్బో అరుదు. ఆటోనగర్‌లో లారీ టర్బోలు బాగుచేసేవాళ్ల దగ్గర, పాత సామాన్ల షాపుల్లో దొరికేవాటితోనే ఎక్కువ పనులు మొదలవుతాయి. చూడాల్సినవి చెప్తాను.

మొదటిది, అది ఏ ఇంజన్ మీద నుంచి వచ్చింది? డీజిల్ టర్బో అయితే జాగ్రత్త. పెట్రోల్ ఎగ్జాస్ట్ డీజిల్ కంటే చాలా వేడి, ఫుల్ లోడ్‌లో 900 డిగ్రీలు దాటుతుంది. 1.3 డీజిల్ 75 హార్స్‌పవర్ ఇంజన్ మీద వచ్చే కేకేకే కంపెనీ చిన్న కేపీ35 టర్బో ఎక్కడైనా దొరుకుతుంది, చవక, ఇంటర్నల్ గేటూ ఉంటుంది. కానీ అది 1.5 లీటర్ పెట్రోల్‌కి మరీ చిన్నది. అంత గ్యాస్ దాని టర్బైన్‌లోంచి పోలేదు, దాని చిన్న గేటులోంచీ పోలేదు. బూస్ట్ తొందరగా వస్తుంది, ఆగాల్సిన చోట ఆగదు. 90 హార్స్‌పవర్ డీజిల్ మీద వచ్చే వీజీటీ టర్బోకైతే వేస్ట్‌గేటే ఉండదు, కదిలే వేన్లు ఉంటాయి. పెట్రోల్ వేడికి అవి బిగుసుకుపోతాయి. దాని జోలికి వెళ్లకండి. పెట్రోల్ ఇంజన్ మీద నుంచి వచ్చిన టర్బో దొరికితే కొంచెం ఎక్కువైనా అదే కొనండి. పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 టర్బో పెట్రోల్ మీద ఉన్న కే03 లాంటిది 1.3 నుంచి 1.6 ఇంజన్లకి సరిపోయే సైజు, లోపలే గేటు ఉంటుంది.

రెండోది, గేటు రంధ్రం. వెర్నియర్ పెట్టి దాని వ్యాసం కొలవండి. 22 మి.మీ. రంధ్రానికి వైశాల్యం దాదాపు 380 చదరపు మి.మీ. దాన్ని 26 మి.మీ.కి పెంచితే 530 అవుతుంది, అంటే 40 శాతం ఎక్కువ. 38 మి.మీ. ఎక్స్‌టర్నల్ గేటు వాల్వ్ వైశాల్యం 1,130. చాలామంది ఈ అంకె చూసి ఎక్స్‌టర్నల్‌కి మొగ్గుతారు. కానీ మీ ఇంజన్‌కి కావాల్సింది సరిపడా దారి, ప్రపంచంలోకెల్లా పెద్ద దారి కాదు. అర బార్‌కి 1.3 ఇంజన్ మీద, టర్బైన్ మరీ చిన్నది కాకపోతే, సరిగ్గా పెంచిన 26 మి.మీ. రంధ్రం పనిచేసే అవకాశం బాగా ఉంది. చేస్తుందో లేదో తేల్చే పరీక్ష కింద చెప్తాను.

మూడోది, పగుళ్లు. టర్బైన్ రంధ్రానికీ గేటు రంధ్రానికీ మధ్య ఉన్న సన్నని గోడ మీద కన్నేయండి. ఎక్కువ వేడి తిన్న హౌసింగ్‌లో పగులు అక్కడే మొదలవుతుంది. ఫ్లాపర్ ఆర్మ్‌ని వేళ్లతో ఊపి చూడండి. బుష్ అరిగిపోయి బాగా కదులుతుంటే ఫ్లాపర్ సీటు మీద సరిగ్గా కూర్చోదు, బూస్ట్ ఆలస్యంగా వస్తుంది, ఎగ్జాస్ట్ దగ్గర టకటకమని చప్పుడొస్తుంది. దానికి కొత్త బుష్ బాలానగర్‌లో మంచి లేత్ షాపు చేసిపెడుతుంది. పగిలిన హౌసింగ్‌ని మాత్రం వెల్డింగ్ చేయించి వాడకండి, ఇంకోటి వెతకండి.

ఎక్స్‌టర్నల్ ఎప్పుడు కావాలి

మీ టర్బోకి గేటే లేకపోతే కావాలి. లారీల మీద వచ్చే పాత టీ3, టీ4 సైజు టర్బోలు చాలా వరకు ఇలాగే ఉంటాయి. ఇంకో సందర్భం, హౌసింగ్‌లో రంధ్రం పెంచడానికి చోటు లేకపోవడం, లేదా పెంచాక కూడా బూస్ట్ లక్ష్యం దగ్గర ఆగకుండా ఆర్పీఎంతో పాటు పైకి పాకుతూ పోవడం. ట్విన్ స్క్రోల్ (ఎగ్జాస్ట్‌ని రెండు పాయలుగా టర్బోకి పంపే) మేనిఫోల్డ్ కట్టించేవాళ్లు రెండు పాయలనీ విడివిడిగా వదలాలి కాబట్టి ఎక్కువగా ఎక్స్‌టర్నల్ గేట్లే పెట్టిస్తారు. ఇంజన్ లోపల అంతా మార్చి ఒక బార్ పైన నడిపేవాళ్లకి కూడా దాని స్థిరత్వం అక్కరకొస్తుంది, ఎందుకంటే ఇంటర్నల్ ఫ్లాపర్‌ని వెనక నుంచి ఎగ్జాస్ట్ తోసేస్తుంది.

ఆ తోపు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. 25 మి.మీ. ఫ్లాపర్ మీద ఎగ్జాస్ట్ వెనక పీడనం ఒక బార్ ఉందనుకోండి. దాని మీద పడే బలం దాదాపు 5 కిలోలు. యాక్చుయేటర్ డయాఫ్రం 45 మి.మీ. అనుకుంటే, 0.5 బార్ బూస్ట్ దాని మీద పెట్టే బలం దాదాపు 8 కిలోలు. స్ప్రింగు ఆ 8 కిలోల దగ్గర తెరుచుకోవాలని పెట్టింది. ఇంతలో ఎగ్జాస్ట్ కూడా అదే దిక్కులో 5 కిలోలతో తోస్తోంది. ఆర్మ్ పొడవుల తేడా వల్ల కొంత తగ్గినా, గేటు అనుకున్నదానికంటే ముందే నోరు తెరుస్తుంది, పై ఆర్పీఎంలో బూస్ట్ జారిపోతుంది. అర బార్ బండికి ఇది సమస్య కాదు, కొంచెం గట్టి యాక్చుయేటర్ పెడితే పోతుంది. వెనక పీడనం రెండు బార్లకి చేరే పెద్ద బిల్డ్‌లో ఇదే పెద్ద తలనొప్పి.

శబ్దం కోసం మాత్రం ఎక్స్‌టర్నల్ కొనకండి. గేటు పక్కకి పంపిన గ్యాస్‌ని గాల్లోకి వదిలే డంప్ పైపు చప్పుడు ఆకర్షణగా ఉంటుందని నాకు తెలుసు. ఆ గ్యాస్ క్యాటలిటిక్ కన్వర్టర్ దాటకుండా బయటికొస్తుంది. బానెట్ కింద నుంచి కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వచ్చే ప్రమాదమూ ఉంది. పైగా ఇరుకు బస్తీలో, పిల్లలు పడుకున్న వేళ దాన్ని వినాల్సింది పక్కింటివాళ్లు.

ఖర్చంతా ఒక కాగితం మీద వేయండి

గేటు ధర ఒక్కటే చూస్తే మోసపోతారు. ఎక్స్‌టర్నల్ పక్కన ఇవన్నీ రాయండి: గేటు, రెండు ఫ్లాంజులు, మేనిఫోల్డ్ నుంచి గేటుకి పైపు, గేటు నుంచి డౌన్‌పైప్‌కి (టర్బో నుంచి ఎగ్జాస్ట్‌ని బయటికి తీసుకెళ్లేది) పైపు, మధ్యలో బెల్లోస్ (సాగడానికి వీలిచ్చే ముడతల పైపు), ఆర్గాన్ వెల్డింగ్ కూలి, వేడి తగలకుండా చుట్టే ర్యాప్, హోస్‌లు. పేరున్న టియాల్, టర్బోస్మార్ట్ లాంటి గేట్లు దిగుమతి సుంకంతో కలిపి పదుల వేలల్లోనే పడతాయి. ఇంటర్నల్ పక్కన: రంధ్రం పెంచే లేత్ పని, అవసరమైతే కొత్త యాక్చుయేటర్, వెడల్పాటి డౌన్‌పైప్. రెండు వరసల కింద కూడిక వేశాక చాలామందికి నిర్ణయం దానంతటదే తేలిపోతుంది.

చవక నకిలీ ఎక్స్‌టర్నల్ గేటుతో ఖర్చు తగ్గించుకుందామనుకుంటే ఒక్క మాట. ఆ ధరకి నికరమైన ఇంటర్నల్ టర్బో మేలు. నకిలీ గేట్ల మీద రాసిన స్ప్రింగు అంకె నమ్మడానికి లేదు, గైడులో వాల్వ్ స్టెమ్ వేడికి పట్టేస్తుంది, డయాఫ్రం చిరుగుతుంది. గేటు మూసుకున్నచోటే బిగుసుకుపోతే పోయేది గేటు కాదు, ఇంజన్.

అయినా ఒకటి చేతికి వస్తే బిగించకముందు ఇలా పరీక్షించండి. తలకిందులుగా పెట్టి వాల్వ్ ముఖం మీద కొంచెం కిరోసిన్ పోయండి, పది నిమిషాల తర్వాత కిందికి కారకూడదు. తర్వాత పక్క పోర్టుకి హోస్ పెట్టి, గేజీ ఉన్న కాలి పంపుతో నెమ్మదిగా గాలి ఎక్కించండి. వెనక టార్చ్ పట్టుకుని చూస్తే వాల్వ్ అంచు చుట్టూ సన్నని వెలుగు గీత కనబడే క్షణం ఒకటుంటుంది. అప్పుడు గేజీలో ఉన్న అంకె గేటు తెరుచుకునే పీడనం. రాసినదానితో కలుస్తోందా? మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే వస్తోందా? గేజీ ముల్లు నిలబడకుండా దిగుతుంటే డయాఫ్రం చుట్టూ సబ్బునీళ్లు రాయండి, బుడగలొస్తే అది పనికిరాదు. ఇదే పరీక్ష ఇంటర్నల్ యాక్చుయేటర్‌కీ చేయాలి, అక్కడ కడ్డీ కదలడం మొదలయ్యే అంకె చూడండి.

ఇంటర్నల్ ఎంచుకుంటే చేయాల్సిన పని

రంధ్రం పెంచేటప్పుడు ఫ్లాపర్ చుట్టూ కనీసం రెండు మి.మీ. సీటు మిగలాలి. అంతకంటే ఎక్కువ తినేస్తే మూత సరిగ్గా పడదు. టర్బైన్ వైపు అంచుని గుండ్రంగా చేయించండి, పదునుగా ఉన్న మూల గ్యాస్ మలుపుని అడ్డుకుంటుంది. వీల్ విప్పకుండా ఈ పని చేయించకండి, ఇనుప రజను ఒక్క పలుకు లోపల ఉండిపోయినా వీల్ పోతుంది.

తర్వాత ఫ్లాపర్ ఎంత తెరుచుకుంటుందో చూడండి. 40 డిగ్రీలకి తక్కువ కాకూడదు. డౌన్‌పైప్ ఫ్లాంజ్ బిగించాక ఫ్లాపర్ గోడకి తగులుతోందా అని చేతితో కదిపి చూడండి. ఇది చాలామంది వదిలేసే చోటు. టర్బో మీద బాగా తెరుచుకున్న ఫ్లాపర్, పైపు బిగించాక సగంలోనే ఆగుతుంది, బూస్ట్ ఆగడం లేదని గేటుని తిడతారు.

యాక్చుయేటర్ ప్రీలోడ్ (గేటు మూసి ఉన్నప్పుడు కడ్డీకి ఉండే బిగువు): ఫ్లాపర్ మూసి ఉంచి, కడ్డీ చివరి రంధ్రం ఆర్మ్ పిన్‌కి ఒకటి రెండు మి.మీ. పొట్టిగా ఉండేలా నట్టు తిప్పండి. కొంచెం లాగితే గానీ పిన్‌లో పడకూడదు. ఎక్కువ ప్రీలోడ్ పెడితే బూస్ట్ కొంచెం పెరుగుతుంది గానీ కడ్డీ ప్రయాణం తగ్గుతుంది, ఫ్లాపర్ పూర్తిగా తెరుచుకోదు. బూస్ట్ పెంచడానికి ప్రీలోడ్‌ని వాడకండి, దానికి స్ప్రింగు మార్చాలి.

సిగ్నల్ హోస్ కంప్రెసర్ హౌసింగ్ మీద ఉన్న నిపుల్ నుంచే తీసుకోండి. త్రాటిల్ తర్వాత ఉండే ఇన్‌టేక్ మేనిఫోల్డ్ (గాలి లోపలికి పోయే వైపుది) నుంచి తీస్తే వ్యాక్యూమ్ కూడా వస్తుంది. ఈ హోస్ మీద గేజీకీ, బ్లోఆఫ్ వాల్వ్‌కీ (త్రాటిల్ మూసినప్పుడు బూస్ట్ వదిలేది) టీ జాయింటు పెట్టకండి. ఇది ఊడితే గేటుకి బూస్ట్ కబురు అందదు, బూస్ట్ అంతు లేకుండా పోతుంది. మంచి సిలికాన్ హోస్, రెండు కొసలా క్లాంపు.

ఎక్స్‌టర్నలే కావాలంటే

చోటే సగం పని. నాలుగు రన్నర్లూ (ఒక్కో సిలిండర్ నుంచి వచ్చే మేనిఫోల్డ్ పైపులు) కలిసిన తర్వాత, గ్యాస్ పోయే దిక్కులోనే, 45 డిగ్రీల లోపు వాలుతో గేటు పైపు చీలాలి. ఒక రన్నర్ మీద నిటారుగా అతికించిన 44 మి.మీ. గేటు కంటే, కలిసే చోట వాలుగా పెట్టిన 38 మి.మీ. గేటు మెరుగ్గా పనిచేస్తుంది. స్టాక్ కాస్ట్ మేనిఫోల్డ్‌ని తిప్పి, అడాప్టర్ పెట్టి వాడేవాళ్లకి ఈ చోటు దొరకదు, అందుకే వాళ్లకి ఇంటర్నలే చెప్తాను.

మేనిఫోల్డ్ కొత్తగా కట్టిస్తున్నారా? అయితే ఇంటర్నల్‌తో మొదలుపెట్టినా సరే, కలిసే చోట ఒక గేటు ఫ్లాంజ్ ఇప్పుడే వేయించి, మందపాటి ప్లేటుతో మూసి గ్యాస్కెట్ పెట్టి బిగించండి. రేపు అవసరమైతే మేనిఫోల్డ్ కోయాల్సిన పని ఉండదు.

సామాన్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి. మందపాటి షెడ్యూల్ 40 మైల్డ్ స్టీల్ ఎల్బోలు చవక, వెల్డింగ్ సులువు, తొందరగా పగలవు, బరువే ఎక్కువ. బడ్జెట్‌కి ఇదే మంచిది. స్టెయిన్‌లెస్ స్టీల్ (ఎస్‌ఎస్) 304 ఎంచుకుంటే వేడికి అది ఎంత సాగుతుందో తెలుసుకోండి: 300 మి.మీ. పైపు 600 డిగ్రీలు వేడెక్కితే మూడు మి.మీ. పొడవు పెరుగుతుంది. రెండు వైపులా బిగించిన డంప్ పైపులో బెల్లోస్ లేకపోతే ఆ మూడు మి.మీ. వెల్డింగ్ జాయింటు దగ్గరే పగులుగా బయటపడుతుంది. ఎస్‌ఎస్ వెల్డింగ్‌కి పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి చేయమనండి. వెల్డర్ అక్కర్లేదంటే ఇంకో వెల్డర్‌ని చూసుకోండి. లోపల కాలి గరుకుగా మారిన లోహం రాలి నేరుగా టర్బైన్ వీల్‌కి తగులుతుంది.

డంప్‌ని డౌన్‌పైప్‌లోకి తిరిగి కలపండి, టర్బో నుంచి వీలైనంత దూరంగా, వాలుగా. గేటు ఇన్‌లెట్, ఔట్‌లెట్ తారుమారు కాకుండా చూడండి. బూస్ట్ సిగ్నల్ పక్క పోర్టుకి. పై పోర్టు గాలికి వదిలేయండి, బిరడా పెట్టకండి. మూస్తే లోపల చిక్కిన గాలి వాల్వ్‌ని తెరవనివ్వదు. గేటుకి కూలెంట్ పోర్టులు ఉంటే కలపండి, మన ఎండలకి డయాఫ్రం ఆయుష్షు దాని మీదే ఆధారపడుతుంది.

బూస్ట్ కంట్రోలర్ లేకుండా మొదటి రన్

రెండింట్లో ఏది పెట్టినా మొదట స్ప్రింగు మీదే నడపండి. బూస్ట్ కంట్రోలర్ (గేటుకి వెళ్లే సిగ్నల్‌ని తగ్గించి బూస్ట్ పెంచే పరికరం) బూస్ట్‌ని స్ప్రింగు కంటే పైకే తీసుకెళ్లగలదు, కిందికి తేలేదు. పైకైనా స్ప్రింగు అంకెకి రెట్టింపు దాటితే అదుపు తప్పుతుంది. 0.5 కావాలంటే 0.4 స్ప్రింగుతో మొదలుపెట్టడం నాకు నచ్చిన పద్ధతి. ఈసీయూలో లక్ష్యానికి 0.15 బార్ పైన ఫ్యూయల్ కట్ పెట్టి ఉంచండి. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఈ రన్లు చేయకండి, డైనో (బండిని ఒకేచోట నిలిపి నడిపి శక్తి కొలిచే యంత్రం) మీద చేయండి. అక్కడ మీకు గ్రాఫు దొరుకుతుంది, ఎవరికీ ప్రమాదం ఉండదు.

గ్రాఫు చదవడం ఇలా. మొదట్లో ఒక్కసారి లక్ష్యం దాటి ఎగిరి వెంటనే సర్దుకుంటే గేటు తెరుచుకోవడం ఆలస్యమైనట్టు. సిగ్నల్ హోస్ పొడవు తగ్గించండి, కడ్డీ పట్టేస్తుందేమో చూడండి. లక్ష్యం చేరి, ఆర్పీఎం పెరిగేకొద్దీ పై పైకి పాకుతుంటే గ్యాస్‌కి దారి చాలడం లేదు. లక్ష్యం చేరి చివర్లో జారిపోతుంటే స్ప్రింగు బలం చాలడం లేదు, లేదా టర్బో చిన్నదై ఊపిరి అయిపోయింది. అసలు బూస్టే ఆలస్యంగా వస్తుంటే ఫ్లాపర్ కారుతోంది, లేదా మేనిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర లీకు ఉంది.

పాకే బూస్ట్ కనబడగానే ఎక్స్‌టర్నల్ కొనడానికి పరుగెత్తకండి. మొదట ఈ పరీక్ష చేయండి. యాక్చుయేటర్ కడ్డీ విప్పేసి, ఫ్లాపర్‌ని పూర్తిగా తెరిచిన చోట గట్టి తీగతో కట్టేయండి. అలాగే డైనో మీద రెడ్‌లైన్ (ఇంజన్ వెళ్లగల గరిష్ఠ ఆర్పీఎం) దాకా రన్ ఇవ్వండి. ఇప్పుడు వచ్చే బూస్టే ఈ గేటుతో, ఈ టర్బోతో, ఈ డౌన్‌పైప్‌తో మీ బండికి సాధ్యమయ్యే అతి తక్కువ బూస్ట్. మీ లక్ష్యం 0.5 అయి ఇది 0.35 దగ్గర ఆగితే రంధ్రం సరిపోయింది, తప్పు యాక్చుయేటర్‌లోనో ప్రీలోడ్‌లోనో హోస్‌లోనో ఉంది, కొన్ని వందల రూపాయలతో పోతుంది. గేటు పూర్తిగా తెరిచి ఉన్నా 0.6కి ఎక్కితే మాత్రం ఏ స్ప్రింగూ ఏ కంట్రోలరూ మిమ్మల్ని కాపాడదు. అప్పుడు రంధ్రం పెంచాలి, లేదా పెద్ద టర్బైన్ హౌసింగ్ వేయాలి. అవి కుదరనప్పుడు ఎక్స్‌టర్నల్‌కి పెట్టే డబ్బు సార్థకం. ఎక్స్‌టర్నల్ ఉన్నవాళ్లు స్ప్రింగు తీసేసి, వాల్వ్‌ని తెరిచి పట్టి ఉంచి ఇదే పరీక్ష చేయొచ్చు.

ఈ పరీక్ష మే నెల మధ్యాహ్నం చేసి నిశ్చింతగా ఉండిపోకండి. చలికాలపు రాత్రి గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది, ఇంజన్‌లోకి ఎక్కువ గాలి పోతుంది, ఎగ్జాస్ట్ కూడా అంతే ఎక్కువ వస్తుంది. ఎండాకాలంలో అంచు మీద నిలిచిన గేటు డిసెంబరులో పాకడం మొదలుపెడుతుంది. అందుకే తీగ కట్టిన రన్‌లో లక్ష్యానికి కనీసం 0.1 బార్ తక్కువ రావాలని చూడండి.

మొదటి కొన్ని రన్ల తర్వాత, ఇంజన్ పూర్తిగా చల్లారాక, అన్నీ ఒకసారి విప్పి చూసుకోండి. వేడికి కడ్డీ లాక్‌నట్ వదులై ప్రీలోడ్ మారిపోతుంది, ఫ్లాంజ్ బోల్టులు సడలుతాయి. కొత్త గ్యాస్కెట్ ఉన్నచోట బోల్టులు మళ్లీ టార్క్ చేయండి, లాక్‌నట్ మీద పెయింటుతో ఒక గీత గీసి ఉంచండి. అక్కడి నుంచి ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ గీత కదిలిందా, సిగ్నల్ హోస్ కొస గట్టిపడి పగిలిందా అని చూడటానికి ఐదు నిమిషాలు చాలు.